కన్నీటి సుడి

డిటెక్టివ్ దేవరాజు దొంగను పట్టడంలో ఎంత మొనగాడో, గుర్రాన్ని పట్టడంలో అంత దద్దమ్మ. ఈ మాట ఆయన శత్రువులెవరో అన్నది కాదు, కట్టుకున్న ఇల్లాలు ఇందిరమ్మ అన్నది. ఏటా గద్వాల నుంచి వనపర్తి గుర్రప్పందేలకు రావడం, ఆయన వేలు పెట్టి చూపిన గుర్రం తీరిగ్గా అందరికంటే వెనక రావడం, ఇంటికి వెళ్ళి ఆమె చేత చీవాట్లు తినడం మామూలే. ఈ ఏడు యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక, బొగ్గుతో నడిచే మోటారు పెబ్బేరు దగ్గర మొరాయించి, ఆయన మైదానం చేరేసరికి రెండు పందేలు అయిపోయాయి. తరవాతి రెండింటిలో ఆయన మెచ్చిన గుర్రాలు రెండూ మట్టి కరిచాయి. అయిదో పందెంలో మాత్రం సుర్ఖాబ్ అనే గుర్రం మీద పెట్టి, ఇక ఇందిరమ్మ నోరు మూయించినట్టేనని మీసం దువ్వుకుంటున్నాడు.

అప్పుడు ఒకావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. తలమీద కొంగు జారిపోయింది, దాన్ని సర్దుకునే ధ్యాస కూడా లేదు.

"గద్వాల దేవరాజు సారు మీరేనా?"

"నేనే బిడ్డా. ఏమైంది?"

"నా పేరు తాజ్‌బీ. ఇస్మాయిల్ సాబ్ బిడ్డను. పొద్దుగాల మా అబ్బ తల పగిలింది. దవాఖానల తెలివిలేక పడున్నడు. ఆయన్ని కొట్టింది నా పెనిమిటే అని పోలీసు అమీన్ సాబ్ కట్టేసిండు. అయిదో పందెం కాంగనే మోటార్ల ఎక్కిచ్చి నాగర్‌కర్నూలు కచేరికి తోల్కపోతరంట. ఒక్కనాడే ఇద్దరు బోతే నేనేడికి పోవాలె సారూ?"

దేవరాజు చేతిలోని వేరుశనగ గింజలు కింద పడ్డాయి. "ఇస్మాయిల్ సాబా? ఊపిరి ఉందా?"

"ఉంది. డాక్టర్ జర ఆగమన్నడు."

ఊపిరి ఉందన్న మాటకు దేవరాజు గుండె కాస్త కుదుటపడింది. ఇస్మాయిల్ అంటే ఆయనకు అంత ఇష్టం. ఆ మాటకొస్తే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు చోట్లా ఇస్మాయిల్‌ను ఎరగనివాళ్ళు లేరు. ఉప్పునుంతల మనిషి. పందేల రోజు పొద్దున్నే గుర్రాలన్నిటినీ ఒకసారి చుట్టి వచ్చి, మైదానం పక్కనున్న రాతి అరుగు ఎక్కి, ఏ పందెంలో ఏ గుర్రం గెలుస్తుందో చెప్పి దిగుతాడు. ఎవరి దగ్గరా ఒక చాయ్ తప్ప ఇంకేమీ పుచ్చుకోడు. గుర్రం నీళ్ళు తాగుతున్నప్పుడు చెవులు ఎటు తిప్పుతోంది, నిలబడ్డప్పుడు ఏ కాలి మీద భారం వెయ్యడం లేదు, నడిచేటప్పుడు వెనక గిట్ట ముందు గిట్ట జాడను దాటి పడుతోందా లేదా, ఈ ఏడు నేల గట్టిదా మెత్తదా, ఇదే ఆయన చూసేది. ఆ మాట నూటికి తొంభైసార్లు నిజమవుతుంది. దేవరాజు మాత్రం ప్రతి ఏడూ ఆయన మాట వినకుండా తన బుర్ర మీదే నమ్మకం పెట్టుకుంటాడు. ఫలితం ఇందిరమ్మకు తెలుసు.

"పొద్దున అయిదు పేర్లు చెప్పిండా?" అని అడిగాడు దేవరాజు.

"నాలుగే చెప్పిండు సారు. నాలుగు గెలిచినయి. అయిదోదానికి వచ్చేసరికి 'జరాగుండ్రి, సుర్ఖాబ్‌ను ఇంకొక్కపారి చూసొస్త' అని అరుగు దిగిండు. మల్ల రాలే."

తాజ్‌బీ వెంట గుర్రాల పాకల వైపు నడుస్తున్న దేవరాజు ఆగిపోయాడు. 'గెలిచేది తెల్వకుంటే ఓడేది చెప్త, ఏదో ఒకటి చెప్పంది అరుగు దిగ' అనడం ఇస్మాయిల్‌కు అలవాటు. అలాంటి మనిషి సుర్ఖాబ్ గెలుస్తుందనీ అనలేదు, ఓడుతుందనీ అనలేదు. మూడేళ్ళుగా ఓటమి ఎరగని గుర్రం గురించి ఆయనకు అనుమానం దేనికి వచ్చినట్టు?

---

గుర్రాల పాకల దగ్గర ఒక బండి చక్రానికి తాజ్‌బీ మగడు మౌలాలిని కట్టేసి ఉంచారు. ముప్పై ఏళ్ళ మనిషి, గుర్రాల్ని చూసుకునే సాయీసు, చొక్కా నిండా ఎండిన నెత్తురు. భార్యను చూడగానే తల దించుకున్నాడు.

"నువ్వు ఏ గుర్రం సాయీసువు?" అన్నాడు దేవరాజు.

"బిజిలీ సారు. గోపాల్‌పేట పటేల్‌ది."

"సుర్ఖాబ్‌ను ఓడగొట్టగలిగేది అదొక్కటేనని అందరూ అనే గుర్రమేనా?"

"గదే సారు. నా నసీబు."

"మరి పగోని పాకలకు, సుర్ఖాబ్ కాడికి నువ్వెందుకు పోయినవ్?"

"మామ పొద్దుగాల్నుంచి ఏం తినలే సారు. తాజ్‌బీ జొన్నరొట్టె కట్టిచ్చింది. ఇచ్చొద్దమని పోయిన. చూస్తే తొట్టి పక్కన నెత్తుట్ల పడున్నడు. తలకాయ ఒళ్ళె పెట్టుకొని మొత్తుకున్న. గప్పుడే అందరొచ్చిండ్రు. వచ్చినోళ్ళు మామను చూడకుండ నా చేతులు చూసిండ్రు."

"ఆ రొట్టె ఏది?"

మౌలాలి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "జవాన్లు తిన్నరు సారు."

"క్యా దేవరాజు సాబ్!" అని వెనక నుంచి గొంతు వినిపించింది. "ఈ ఏడు ఏ గుర్రాన్ని ఓడగొడ్తున్నరు?"

అమీన్ ఇక్బాల్. నిటారుగా, గంజి పెట్టిన బట్టల్లో, బెత్తం చంకన పెట్టుకుని నిలబడ్డాడు. వీళ్ళిద్దరిదీ పాత పగ. అమీన్ మూసేసిన మూడు కేసుల్ని దేవరాజు తిరగదోడాడు. దేవరాజు పోగొట్టుకున్న పందేలన్నీ అమీన్‌కు నోటికి వచ్చు.

"అమీన్ సాబ్, మీ జవాన్లు సాక్ష్యాన్ని నంజుకొని తిన్నరంట గద."

"రొట్టె సాక్ష్యమా? మజాక్ చేయకుండ్రి. ఇది సీదా కేసు. బిజిలీ గెలవాల్నంటే సుర్ఖాబ్ కుంటాలె. గిట్టల ఏదో గుచ్చనీకి వీడు లోపలికి దూరిండు. మామ చూసిండు. వీడు కొట్టిండు. నడుముల ఇనుప కొక్కెం దొరికింది."

"గిట్టలల్ల మట్టి గీకే కొక్కెం ప్రతి సాయీసు నడుముల ఉంటది. దానికి నెత్తురుందా?"

"తుడుచుకోడా?"

"చేతులు తుడుచుకోనోడు కొక్కెం తుడుచుకున్నడా?"

ఇక్బాల్ మొహం కందగడ్డ అయింది. పక్కనున్న జవాను నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"అయిదో పందెం దాక టైమిస్తున్న," అన్నాడు అమీన్ పళ్ళు బిగించి. "ఆ తర్వాత మోటార్ కదుల్తది. గుర్రాల సంగతి మీకెంత తెల్సో వనపర్తి మొత్తానికి తెల్సు."

ఆ దెబ్బ దేవరాజుకు సరిగ్గా తగిలింది. నేరుగా సుర్ఖాబ్ పాకలోకి నడిచాడు.

---

పాకలో ఒక మూల రాతి తొట్టి. దాని అంచు మీద నెత్తురు. అది కాక దేవరాజు కళ్ళకు ముందుగా ఆనింది గోడ గూట్లో పెట్టిన తలరుమాలు. ఎవరో లాగి విసిరింది కాదు, నాలుగు మడతలు పెట్టి, దానిమీద బీడీల కట్ట పెట్టి ఉంది. అంటే ఇస్మాయిల్ తానుగా విప్పి, జాగ్రత్తగా పెట్టుకున్నాడు. తన్నులాటకు దిగినవాడు రుమాలు మడతపెట్టడు. ఏదో పని చెయ్యబోతూ తీసిపెట్టాడు. ఏమిటా పని?

గుర్రం పాక మధ్యలో నిలబడి ఉంది. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లచుక్క, అంతా సుర్ఖాబే. కాని కళ్ళ పక్కన జట్కా గుర్రానికి కట్టినట్టు తోలు గంతలు. మామూలు గంతలకన్నా పెద్దవి, చెంపల్ని కూడా కప్పేసేవి. పోయిన ఏడు ఈ గుర్రానికి ఇవి లేవు. దేవరాజు నెమ్మదిగా మెడ నిమిరి ముడులు చూశాడు. కుడివైపు ముడి సాయీసులు వేసేది, ఒక్క లాగుతో ఊడిపోతుంది. ఎడమవైపు ముడి అలాంటిది కాదు. రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దోపి బిగించారు. బస్తా మూతికి వేసే ముడి అది. ఇంకా చూస్తే గుర్రం నుదుట బొట్టు లేదు.

"మా గుర్రాన్ని బెదరగొట్టకుండ్రి సారూ!"

వాకిట్లో అచ్చంపేట పల్లికాయల వ్యాపారి రామచంద్రయ్య నిలబడి ఉన్నాడు. సుర్ఖాబ్ యజమాని. నుదుట ఇంత కుంకుమబొట్టు, చేతిలో గొడుగు. గడప దాటి లోపలికి మాత్రం రాలేదు.

"ఈ గంతలు ఎప్పటికెల్లి శెట్టి?"

"నిన్నటికెల్లి. జనాన్ని చూసి బెదుర్తుంది."

"కట్టిందెవరు?"

"మా సాయీసు యేసయ్య. నిన్న కట్టి ఊరికి పోయిండు. తల్లికి పానం బాగలేదని కబురొచ్చింది."

"ఎక్కేటోడు?"

"హైదరాబాదు జాకీ. ఇయ్యాలనే దిగిండు."

అంటే ఈ గుర్రాన్ని రోజూ చేత్తో తడిమిన మనిషి ఇవాళ మైదానంలో ఒక్కడూ లేడు. దేవరాజు గుర్రం వీపు మీద చెయ్యి ఉంచే అడిగాడు. "పొద్దున మీరు ఈ పాకలకు వచ్చిండ్రా?"

"లేదు సారు. పొద్దున్నుంచి కాలు పెట్టలే. దేవునికి మొక్కుకొని సీదా డేరాల కూసున్న."

"ఇస్మాయిల్ సాబ్ దేనికొచ్చిండు మరి?"

"ఏమో, నాకేం తెల్వదు." రామచంద్రయ్య కళ్ళు గూట్లోని రుమాలు మీదికి పోయి, అక్కడ నిలవలేక నేలమీదికి వచ్చాయి. "ముసలోడు లెస్సగనే ఉన్నడా?"

"ఊపిరి ఆడ్తుంది."

రామచంద్రయ్య పెద్దగా నిట్టూర్చాడు. అది భయం లాగా లేదు, బరువు దిగినట్టుంది. దేవరాజుకు అక్కడే తిరకాసు పడింది. కొట్టినవాడికి ముసలాయన బతకడం సంతోషమెలా అవుతుంది?

బయట నాలుగో పందెం గుర్రాల్ని చల్లార్చుతూ తిప్పుతున్నారు. ప్రతి గుర్రం నుదుటా కుంకుమ. తురకల గుర్రాలకైతే మెడలో పచ్చదారం, సాంబ్రాణి వాసన. యజమాని తన చేతులతో ఆ మర్యాద చెయ్యకుండా గుర్రాన్ని పందానికి పంపడం ఈ పక్క లేదు. పోయిన ఏడు ఇదే రామచంద్రయ్య ఆడపిల్లను అత్తగారింటికి సాగనంపినట్టు సుర్ఖాబ్‌కు బొట్టు పెట్టి, బెల్లం తినిపించి, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం దేవరాజు కళ్ళారా చూశాడు. అలాంటి మనిషి ఇవాళ గడప దాటి లోపలికి రావడం లేదు. రామచంద్రయ్య తన నుదుట మరిచిపోని బొట్టు గుర్రం నుదుట మరిచిపోయాడంటే, అది మరుపు కాదు.

"హౌదు!" అన్నాడు దేవరాజు తనలో తాను. సంతోషం వస్తే ఆయన నోట 'అవును'కు బదులు గద్వాల అవతలి కన్నడం దొర్లుతుంది.

---

అయిదో పందెం గుర్రాల్ని జనం ముందు తిప్పడానికి తెచ్చారు. తాడు కట్టిన బరి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. సగం మంది నోట సుర్ఖాబ్ పేరే. దేవరాజు పూలమ్మే రంగమ్మ దగ్గర కుంకుమ పళ్ళెం అడిగి తీసుకుని, తాడు కింద నుంచి దూరి, నేరుగా రామచంద్రయ్య ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"శెట్టి, గుర్రానికి బొట్టు మరిచిపోయిండ్రు."

రామచంద్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇప్పుడెందుకు సారు, పందెం టైమైంది."

"ఒక్క వేలు ముంచి పెట్టనీకి ఎంతసేపు?"

ఇక్బాల్ పరుగున వచ్చాడు. "దేవరాజు సాబ్, పందెం ఆపుతున్నరు. బొట్టు పెట్టకపోవుడు ఏ కానూన్ల నేరం?"

"కాదు అమీన్ సాబ్. పెడ్తే నేను చెంపలేసుకొని ఇంటికి పోత. మౌలాలిని మీ మోటార్ల నేనే ఎక్కిస్త."

ఆ మాట వినగానే తాడు అవతల తాజ్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. పందెం గెలవడం ఎరగని మనిషి తన మగణ్ణి పందెం కాశాడని ఎవరో ఆమె పక్కనే అన్నారు.

"నాకు మైల సారు!" అన్నాడు రామచంద్రయ్య హడావిడిగా. "మా మేనత్త పోయింది. మైలల బొట్టు పెట్టొద్దు."

"మైల ఉన్నోని నుదుట గింత బొట్టేంది శెట్టి? దేవునికి మొక్కొచ్చిన అని ఇంతకుముందే చెప్తివి."

జనం గొల్లుమన్నారు. రామచంద్రయ్య చెయ్యి తెలియకుండానే తన నుదుటి మీదికి పోయింది. ఇక తప్పేట్టు లేదు. వేలు కుంకుమలో ముంచాడు. గుర్రం దగ్గరికి నడిచాడు. వేలు పైకెత్తాడు. నుదుటికి జానెడు దూరంలో ఆ వేలు ఆగిపోయింది.

"నాతోని కాదు!" అని పళ్ళేన్ని తోసేశాడు. "నా ఇంట్ల ఆడిపిల్లలున్నరు సారు. దీనికి బొట్టు పెట్టి నా ఇంటిది అనిపిచ్చుకోలేను!"

కుంకుమ ఇసుకలో చెల్లాచెదురైంది. ఇక్బాల్‌కు ఏమి అర్థమైందో ఏమో, నడుము నుంచి చాకు తీసి, దేవరాజు వేలు చూపిన ఎడమవైపు బస్తా ముడిని కోసేశాడు. తోలు గంత తొలగింది. ఎడమ కంటి కింద, చెంప మీద, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి నీటిచుక్క జారినట్టు కిందికి సాగి ఉన్నాయి.

"యా అల్లా! ఆంసూ ఢాల్!" అని అమీన్ అంతటివాడు ఒక్క అంగలో వెనక్కి వచ్చాడు.

కన్నీటి సుడి! సుడి చూడకుండా ఎద్దునైనా కొనని సీమ ఇది. కంటి కింద సుడి ఉన్న గుర్రాన్ని కట్టేసిన ఇల్లు ఏడవక తప్పదని హిందువులూ నమ్ముతారు, తురకలూ నమ్ముతారు. ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. అందుకే రామచంద్రయ్యకు సుర్ఖాబ్‌ను పోలిన గుర్రం అంత సులువుగా దొరికింది. దేవరాజు తడిగుడ్డతో నుదుటి తెల్లచుక్క తుడిస్తే సగం సున్నమై గుడ్డకు అంటింది. జనాన్ని మోసం చెయ్యడానికి జంకని మనిషి, మనిషిని నెత్తుట్లో వదిలి వెళ్ళిన మనిషి, ఒక్క బొట్టు దగ్గర దొరికిపోయాడు.

"అసలు సుర్ఖాబ్ ఏడుంది?" అన్నాడు ఇక్బాల్ గొంతు పెంచి.

"గోపాల్‌పేటల మా చుట్టాల దొడ్లె. మంచిగుంది సారు, పానంగ చూసుకుంటున్న. యేసయ్యకు తప్పుడు కబురు పంపింది నేనే. ఈ పందెంల బిజిలీ మీద పెట్టిచ్చిన. తప్పయింది!"

"ఇస్మాయిల్‌ను కొట్టింది?"

"నేను కొట్టలే!" రామచంద్రయ్య ఇసుకలో కూలబడ్డాడు. "గంత సర్దిందా లేదా చూద్దమని పోయిన. పోయేసరికే ముసలోడు పడున్నడు. గంత ఊడి ఏలాడుతుండె. ఎవలన్న చూస్తరని కట్టేసి బయటవడ్డ. కేకెయ్యాలె, ఎయ్యలే. అది నా పాపమే. కాని చెయ్యెత్తలే సారు, నా పిల్లల తోడు!"

ఇందాక అబద్ధాలు చెప్పినప్పుడు నేలమీదికి జారిన కళ్ళు ఇప్పుడు దేవరాజు కళ్ళలోకే చూస్తున్నాయి. దేవరాజుకు నమ్మక తప్పలేదు. ఈ మాట నిజం.

ఇక్బాల్‌కూ అలాగే తోచినట్టుంది. నెమ్మదిగా బండి చక్రం వైపు తిరిగాడు. "శెట్టి కొట్టలేదంటే, కొట్టింది మౌలాలే. గుర్రం మారిన సంగతి వేరే, తల పగిలిన సంగతి వేరే. దేవరాజు సాబ్, బొట్టు పెట్టలేదు కాబట్టి మీ మాట మీరు నెగ్గిండ్రు. కాని కేసు నాదే."

పందేల కమిటీవాళ్ళు అయిదో పందెం రద్దు చేసినట్టు బాకా ఊదించారు. మోటారు దగ్గర బొగ్గు రాజెయ్యడం మొదలైంది. మౌలాలిని లేపి నిలబెట్టారు. తాజ్‌బీ ఏడవలేదు, కేకలు పెట్టలేదు, దేవరాజు వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపుకు ఎదురు నిలవలేక ఆయన మడతపెట్టిన రుమాలు గురించే ఆలోచిస్తున్నాడు. రుమాలు ఎందుకు తీశాడు? ఎందుకు తీశాడు?

అప్పుడు దవాఖాన కాంపౌండరు సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు.

"ముసలాయన కండ్లు తెరిచిండు! బిడ్డను అడుగుతుండు!"

---

మంచం చుట్టూ అందరూ చేరారు. అమీన్, దేవరాజు, తాజ్‌బీ, చేతులకు తాడు ఇంకా విప్పని మౌలాలి. ఇస్మాయిల్ తల నిండా గుడ్డ కట్టు, మొహం పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి.

ఇక్బాల్ మంచం అంచున వంగాడు. "ఇస్మాయిల్ సాబ్, ఎవరు కొట్టిండ్రు? భయపడకుండ చెప్పుండ్రి."

ముసలాయన అందరినీ ఒక చుట్టు చూశాడు. అల్లుడి చేతుల తాడు దగ్గర చూపు ఆగింది.

"ఎవరు కొడ్తరు? నాకే అక్కల్ లేకుండె."

"అంటే?"

"పొద్దుగాల నీళ్ళు తాగుతుంటె చూసిన. చెవులు సుర్ఖాబ్ చెవుల లెక్క తిప్పుతలేదు. ఇది సుర్ఖాబేనా అని షకొచ్చింది. నేను గెలిచే గుర్రం చెప్త, ఓడే గుర్రం చెప్త. ఆ గుర్రమే కాని గుర్రం గురించి ఏం చెప్పాలె? గంత తీసి చూద్దమని పోయిన. కొత్తోడు తలమీద గింత రుమాలు పెట్టుకొని మొహం మీదికి పోతే గుర్రం బెదుర్తదని తీసి గూట్లె పెట్టిన. ఆ తెలివి ఉండె. కాని గంతను ఒక్కసారే లేపిన. చీకట్లున్న కంటికి దబ్బున ఎలుతురు పడె. గుర్రం తల ఇసిరింది. పోయి తొట్టి మీద పడ్డ." ఆయన నోట్లో నవ్వు మెరిసింది. "రుమాలుంటే బతికిపోయేటోన్ని. నలభై ఏండ్లు గుర్రాల్ల బతికి సాయీసు పోరలు చెయ్యని తప్పు చేసిన. దాని తప్పు లేదు, ఏ మనిషి తప్పు లేదు. మా మౌలాలి చేతులకు ఆ తాడేంది?"

ఇక్బాల్ తానే వంగి ఆ తాడు విప్పాడు. ముడి బిగుసుకుపోయి గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగాడు. అమీన్ ఇక్బాల్ పళ్ళతో తాడు విప్పడం వనపర్తిలో ఎవరూ చూసి ఉండరు. తాడు ఊడగానే మౌలాలి మామ మంచం పక్కనే కూలబడ్డాడు. పొద్దున్నుంచి బిగబట్టుకున్న తాజ్‌బీ అప్పుడు భోరున ఏడ్చింది. తండ్రి చేతిని ఒక చేత్తో, మగడి మెడను ఒక చేత్తో పట్టుకుని, ఆపకుండా, సిగ్గుపడకుండా ఏడ్చింది. దేవరాజు కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఇంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఆయనకు చాలా కాలమైంది.

"అమీన్ సాబ్," అన్నాడు కాసేపటికి. "మనమిద్దరం ఓడిపోయే గుర్రాల మీదనే పెట్టినం. మీరు మౌలాలి అన్నరు, నేను శెట్టి అనుకున్న."

"మీకది అలవాటే," అన్నాడు ఇక్బాల్. కాని ఈసారి ఆ మాటలో ముల్లు లేదు.

"బిడ్డా, ఆకలైతుంది," అన్నాడు ఇస్మాయిల్. "రొట్టె తెచ్చినవంట గద?"

అందరి చూపూ అమీన్ మీద పడింది. ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుకుని, జవానును పిలిచి, హోటలు నుంచి రొట్టెలు తెమ్మని తన జేబులోంచి ఇచ్చి పంపాడు.

రొట్టె నముల్తూ ఇస్మాయిల్ అడిగాడు. "ఇంతకు ఆ గుర్రమేమాయె?"

"ఎవరు ముట్టుకుంటలేరు," అన్నాడు దేవరాజు. "సుడి చూసినంక అందరు దూరం జరిగిండ్రు. ఖాళీ మైదానంల ఒక్కతే నిలవడ్డది."

"మౌలాలీ. పోయి దాన్ని ఇంటికి తోల్కరా."

తాజ్‌బీ కళ్ళు తుడుచుకుంటున్నదల్లా ఆగింది. "అబ్బా! అది కన్నీటి సుడిది. కట్టేసిన ఇల్లు ఏడుస్తదంటరు."

"ఏడ్వనీకి ఇంకేం మిగిలింది బిడ్డా?" ముసలాయన ఆమె చెంప మీది తడిని బొటనవేలితో తుడిచాడు. "మనింట్ల ఏడ్వాల్సిందంత ఇయ్యాలనే ఏడ్చినం. ఇగ అది మనకేం చెయ్యది."

తాజ్‌బీ ఏడుస్తూనే నవ్వింది. మౌలాలి లేచి నిలబడ్డాడు.

"ఇంకోటి," అని ఇస్మాయిల్ దేవరాజును దగ్గరికి రమ్మన్నట్టు వేలు ఆడించాడు. "పొద్దుగాల నీళ్ళకాడికి నడుస్తుంటే దాని గిట్టలు చూసిన. ఎనక గిట్ట ముందు గిట్ట జాడ దాటి జానెడు పడ్తుంది. సుర్ఖాబ్‌ది గుడ అంత దూరం పడది. ఏ గుర్రంది పడంగ నేను చూడలే."

దేవరాజుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరిచాడు. "అంటే... శెట్టి ఓడిపోనీకి తెచ్చిన గుర్రం..."

"ఉరికితే గెలిచేది. వాడు బిజిలీ మీద పెట్టింది మట్టిల కలిసేది. సుడికి భయపడి అందరు దాన్ని కట్టేసిండ్రు గని, ఒక్కడన్న ఉరికిచ్చి చూడలే." ఇస్మాయిల్ దిండు మీదికి వాలి కళ్ళు మూసుకున్నాడు. "పొద్దుగాల అయిదోది బాకీ పడ్డ. వచ్చే ఏటి అయిదో పందెం ఇప్పుడే చెప్తున్న, ఇను. కన్నీటి సుడి గుర్రం."

దేవరాజు జేబులో చెయ్యి పెట్టి, రద్దయిన పందెం తాలూకు చీటీ తడుముకున్నాడు. జన్మలో మొదటిసారి ఇస్మాయిల్ మాట వినాలని నిశ్చయించుకున్నాడు. కిటికీలోంచి చూస్తే మౌలాలి అప్పటికే మైదానం సగం దాటాడు. అతని వెనకనే తాజ్‌బీ, రంగమ్మ దగ్గర అడిగి తెచ్చిన కుంకుమ పళ్ళెం ఒక చేత్తో, పచ్చదారం ఒక చేత్తో పట్టుకుని, ఆ గుర్రం వైపు గబగబా నడుస్తోంది.